తూలిన భవాని

ఆ రోజు కిషోర్‌బాబు తొట్టి ముందు నిలబడే నిద్రపోయాడు.

కారం మిల్లు నడుస్తోంది. ఘాటుకి గుమ్మంలోని ఆడవాళ్ళంతా కొంగులు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఎవరి డబ్బా ఎవరి తర్వాతో ఓరచూపులతో కాపలా కాసుకుంటున్నారు. ఎర్రపంచె, ఎర్రకండువా, మెడలో మాల, నుదుటి నిండా కుంకుమ. చేతికర్రతో మిరపకాయల్ని తొట్టిలోకి తోస్తున్నవాడు తోస్తున్నట్టే ఆగిపోయాడు. తల ముందుకి వాలింది. పెదవి మూలనించి చొంగ సన్నగా దిగి కండువా మీద మరక కట్టింది. కర్ర జారింది. దాని వెనకే చెయ్యి కూడా జారబోయింది.

తిరుపతిరావు కాటా దగ్గర్నించి ఒక్క ఉదుటున వచ్చి తమ్ముడి భుజం పట్టి వెనక్కి లాగాడు. మోటారు కట్టేశాడు. అంత చప్పుడూ ఒక్కసారిగా ఆగిపోయేసరికి అందరూ అటే చూశారు.

"ఏందిరా కిషో..." అనబోయి నాలిక్కరుచుకున్నాడు. మాలలో ఉన్నవాణ్ణి రా అనకూడదు. "ఏమైంది భవానీ?"

"ఏం లేదన్నయ్యా. రెప్ప పడింది."

మాట ముద్దముద్దగా వచ్చింది, నోట్లో ఇంకా ఏదో నములుతున్నట్టు.

"రాత్రి భజన గట్టిగా చేసినట్టున్నాడు భవాని," అంది వరసలో ముందున్నావిడ.

"భజనే చేశాడో, ఇంకేం చేశాడో," అంది వెనకావిడ. కొంగుల చాటున నవ్వుకున్నారు.

తిరుపతిరావు వినపడనట్టు కర్ర తీసి తనే తొట్టి దగ్గర నిలబడ్డాడు. నవ్వితే నవ్వారు, భవాని అనే అన్నారు. అది చాలనుకున్నాడు. జగ్గయ్యపేటలో అతని తమ్ముడికి కిషోర్‌బాబు అన్న పేరు రేషన్ కార్డులో తప్ప ఎక్కడా లేదు. కారం మిల్లు పిచ్చోడు అంటేనే తెలుస్తుంది. అలాంటివాణ్ణి మండలదీక్ష పట్టి మాల వేసుకున్న నాటినుంచీ పాలవాడు, మునిసిపాలిటీ మనిషి, కోర్టు ప్లీడరు కూడా "జై భవానీ" అని చేతులెత్తి పలకరిస్తున్నారు. మొదటిసారి ఆ పిలుపు విన్నప్పుడు కిషోర్‌బాబు ఎవర్నో అనుకుని వెనక్కి తిరిగి చూశాడు. తననేనని తెలిశాక ఇంటికొచ్చి వదిన ప్రసూనకి అదే సంగతి మళ్ళీ మళ్ళీ చెప్పాడు.

దాని కోసమే తెల్లారుజామున చన్నీళ్ళు పోసుకున్నాడు. ఒంటిపూట భిక్షతో సరిపెట్టుకున్నాడు. రోజుకి రెండు కట్టల బీడీలు ఊదేసే మనిషి, మాల పడ్డ పొద్దున్నే ఉన్న కట్టని అగ్గిపెట్టెతో సహా కాలవలో పారేసి వచ్చాడు. నిద్ర చాలక, తిండి చాలక తూలుతున్నాడులే అని తిరుపతిరావు సర్దిచెప్పుకున్నాడు. అలా సర్దిచెప్పుకోబట్టి పదిరోజులు దాటింది.

సాయంత్రం పీఠం దగ్గర సంగతి ముదిరింది.

హరిచరణ్ ఎరువుల కొట్టు పక్క ఖాళీస్థలంలో పందిరి వేసి అమ్మవారి పటం పెట్టారు. హరిచరణ్ గురుభవాని. ఏటా తను మాల వేసుకుంటాడు, తన చేత్తో పదిమందికి వేస్తాడు, మార్గశిరంలో అందర్నీ బెజవాడ కొండకి నడిపించి తీసుకెళ్తాడు. పీఠం దగ్గర చెయ్యి ఊపుతూ మాట్లాడినా ఊరుకోడు. అయితే కిషోర్‌బాబు మాల కోసం వచ్చి నిలబడిన రోజున నలుగురూ "మతి సరిగాలేని మనిషికి మాలేందండీ" అని అడ్డం పడితే, "అమ్మ పిలిచాక ఆపడానికి నేనెవర్ని" అని వేసింది ఆయనే. ఆ ఉపకారం తిరుపతిరావు మనసులో అలాగే ఉంది. ఎరువుల కొట్టు ముందునుంచి వెళ్ళినప్పుడల్లా బండి నెమ్మది చేసి నమస్కారం పెట్టి మరీ వెళ్తున్నాడు.

హారతి పళ్ళెం ఆ సాయంత్రం కిషోర్‌బాబు చేతికొచ్చింది. లేచి నిలబడ్డాడు. నిలబడగానే కళ్ళు తేలేశాడు. పళ్ళెం ఒరిగి మండుతున్న కర్పూరం చాప మీద పడింది. నవీన్‌బాబు అనే కుర్ర భవాని గబుక్కున దాని మీద చెంబుడు నీళ్ళు పోశాడు.

"ఛీ ఛీ, తాగొచ్చాడు," అన్నాడు, మెల్లగా అన్నట్టే అందరికీ వినపడేలా.

భజన అయ్యాక హరిచరణ్ తిరుపతిరావుని పందిరి బయటికి పిలిచాడు.

"మీ తమ్ముడు రాత్రిళ్ళు ఎక్కడ పడుకుంటున్నాడండీ?"

"మిల్లులోనే భవానీ, చాప మీద."

"ఒక్కడేనా?"

"ఒక్కడేనండి."

"ఊ. మిల్లు వెనకే గదా వైన్ షాపు."

తిరుపతిరావుకి ముఖం మీద కారం చల్లినట్టయింది. "వాడు ముట్టడండి. జన్మలో ముట్టలేదు. కావాలంటే మీరే నోరు వాసన చూడండి."

"నేను చూడను. మాల మెళ్ళో ఉన్నవాడి నోరు వాసన చూడాల్సి వస్తే ఇంకా ఆ మాలెందుకు? అడగడమే నాకు సిగ్గుగా ఉంది." హరిచరణ్ కండువా సర్దుకున్నాడు. "తెల్లారి నడక మొదలెడుతున్నాం. దారిలో ఇంకోసారి తూలాడంటే మాల తీసేస్తా. నన్ను తిట్టుకోకండి. అమ్మ ముందు జవాబు చెప్పుకోవాల్సింది నేను."

ఇంటికెళ్ళాల్సిన తిరుపతిరావు మిల్లుకెళ్ళాడు. చాప ఎత్తి చూశాడు. పసుపు బస్తాల సందుల్లో చెయ్యిపెట్టి తడిమాడు. మెంతుల డబ్బా మూత తీసి చూశాడు. తమ్ముణ్ణి దగ్గరికి పిలిచి, గురుభవాని చెయ్యనన్న పని తను చేశాడు. పళ్ళపొడి వాసన తప్ప ఏమీ రాలేదు. అయినా అనుమానం పోలేదు. అనుమానానికి వాసనతో పనేముంది?

వెనకే బిళ్ళల పెట్టె, మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని వచ్చిన ప్రసూన ఇదంతా చూస్తూ నిలబడింది.

"ఎలక కోసమా ఆ వెతుకుడు?"

"ఊళ్ళో ఏమనుకుంటున్నారో నీకు తెలుసా?"

"తెలుసు. కూరగాయల బండి దగ్గరే చెప్పారు. మా మరిది తాగడు అని అక్కడే చెప్పొచ్చా." బిళ్ళలు కిషోర్‌బాబు అరచేతిలో వేసి, మింగేదాకా చూసి, గ్లాసు తీసుకుంది.

"మరి ఆ తూలుడేందే?"

"అది నాకు తెలీదు. తెలీనిదాన్ని తాగుడని ఎందుకంటా? రేపు గురువారం. నందిగామలో డాక్టరమ్మ ఉంటది. తీసుకెళ్ళండి."

"నడకలో ఉన్నవాణ్ణి డాక్టరు దగ్గరికి లాక్కెళ్తే ఇంకేమన్నా ఉందా? గురుభవాని అసలే..."

కిషోర్‌బాబు చాప చివర కూర్చుని ఉన్నాడు. "అన్నయ్యా," అన్నాడు, మాట కూడదీసుకుంటూ. "నే తాగలేదు. కాళ్ళే నా మాట వినట్లేదు. అయినా నడుస్తా. నన్ను ఆపమాక. వాళ్ళంతా నాతో మాట్లాడతన్నారన్నయ్యా."

తిరుపతిరావు చాప దులిపి మళ్ళీ పరిచాడు.

మర్నాడు చీకటి విడకముందే నడక మొదలైంది. భవానీల పరుపు చుట్టలు, నీళ్ళ క్యాన్లు రూబెన్ ఆటోలో వేశారు. మిల్లుకి మిరపకాయ బస్తాలు తోలేది ఆ ఆటోయే. తిరుపతిరావు ముందుసీటులో రూబెన్ పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు.

"చూశారాండీ, ఆదివారం చర్చికి కుర్చీలు మోస్తా. గురువారం అమ్మవారికి నీళ్ళు మోస్తన్నా," అన్నాడు రూబెన్. "పైన ఇద్దరూ కూడబలుక్కుని నాకో డీజిల్ బండి ఇప్పించకపోతే చూడండి."

తిరుపతిరావు నవ్వలేదు. అతని చూపంతా వరస చివర ఊగుతున్న ఎర్రకండువా మీదే ఉంది. చిల్లకల్లు దగ్గర హైవే ఎక్కేదాకా కిషోర్‌బాబు బాగానే నడిచాడు. ఎండెక్కింది. లారీలు ఒరుసుకుంటూ పోతుంటే ఆ గాలికే పక్కకి జరిగిపోతున్నాడు. కూర్చున్నచోట హాయిగా కూర్చుంటున్నాడు. లేచినప్పుడే వస్తోంది చిక్కంతా. లేచి, ఒక్క క్షణం ఏదీ కనపడనివాడిలా గాలిని పట్టుకుని, తర్వాత అడుగేస్తున్నాడు. ముందున్న కుర్రాళ్ళు వెనక్కి తిరిగి చూసి ఒకళ్ళనొకళ్ళు మోచేత్తో పొడుచుకుంటున్నారు.

నందిగామ పొలిమేరలో పెట్రోల్ బంకు దగ్గర ఆగి నీళ్ళు తాగారు. "పదండి భవానీ" అన్న కేక విని కిషోర్‌బాబు గబుక్కున లేచాడు. రెండడుగులు అడ్డదిడ్డంగా వేసి, బంకు ముందు సిమెంటు గచ్చు మీద బోర్లా పడ్డాడు.

మనిషి పడితే ఎందుకు పడ్డాడని అడిగేవాడు ఒక్కడుంటే చాలు. ఆ ఒక్కడూ ఆ గుంపులో లేడు. "బండి లోడు ఎక్కువైంది" అన్నాడు బంకు కుర్రాడు. నవీన్‌బాబు ఫోన్ తీసి పట్టుకున్నాడు. హరిచరణ్ వెనక్కి నడిచొచ్చాడు. ఆయన ముఖంలో కోపం కంటే అలసట ఎక్కువ కనపడింది. వంగి, కళ్ళు మూసుకుని ఏదో జపించి, పడున్న మనిషి తలమీంచి మాల తీశాడు. రుమాల్లో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. ఒక్కసారి తిరుపతిరావు వైపు చూశాడు.

అప్పుడు అనాల్సింది. ఆగండి భవానీ అని ఒక్కమాట అనాల్సింది. తిరుపతిరావు తల వంచుకుని తన చెప్పుల వంక చూస్తూ నిలబడ్డాడు. "జై భవానీ" అని కేక వేసుకుంటూ గుంపు ముందుకి పోయింది.

రూబెన్, తిరుపతిరావు కలిసి లేపి ఆటోకి ఆనించి కూర్చోబెట్టారు. గడ్డం చీరుకుపోయి నెత్తురు కారుతోంది. కిషోర్‌బాబు చెయ్యి దానంతటదే మెడ దగ్గరికెళ్ళింది. ఒకసారి తడిమాడు. కండువా కిందికి పోనిచ్చి మళ్ళీ తడిమాడు.

"అన్నయ్యా, మాల తెగిందా?"

"లేదురా. తీసేశారు."

"ఎందుకు?"

తిరుపతిరావు తమ్ముడి గడ్డం మీది నెత్తురు తుడిచాడు. రూబెన్ పరుపు చుట్టలన్నీ బంకు గోడ పక్కకి దించేశాడు.

"వాళ్ళ సామాను వాళ్ళు వచ్చి తీసుకుంటార్లెండి. ముందు ఆస్పత్రి చూపించి, తిట్టుకునేదేదో తర్వాత తిట్టుకుందాం. ఎక్కండి."

డాక్టర్ దీప్తి వారానికోసారి బెజవాడ నుంచి వచ్చి నందిగామలో ఒక చిన్న ఆస్పత్రి పైఅంతస్తులో కూర్చుంటుంది. కిషోర్‌బాబు బిళ్ళలు రాసేది ఆమే. నెలనెలా రక్తపరీక్ష చూసిగాని చీటీ ఇవ్వదు. ఆ బిళ్ళ తెల్లకణాల్ని తగ్గించే ప్రమాదం ఉందని మొదట్లోనే చెప్పింది. వేరే బిళ్ళలేవీ పనిచెయ్యక చివరికి ఇచ్చింది కూడా అదే. పక్కింటివాళ్ళు గోడలోంచి తిడుతున్నారని రాత్రంతా గోడకి చెవి పెట్టి కూర్చున్న మనిషి దానివల్లే మిల్లులో నిలబడ్డాడు.

గడ్డానికి కట్టు కట్టించాక ఆమె కిషోర్‌బాబుని పడుకోబెట్టి బీపీ చూసింది. నిలబెట్టి మళ్ళీ చూసింది. చేతులు చాపమంది. కళ్ళల్లో లైటు వేసింది. గుండె పరీక్ష చేయించింది.

"తాగాడా?" అంది తిరుపతిరావుతో.

"ఊళ్ళో అంతా అదే అంటన్నారండి."

"ఊరి సంగతి నేనడగలేదు. మీరేమంటారు?"

తిరుపతిరావు తమ్ముడి వంక చూశాడు. "నాకు తెలిసి తాగలేదండి."

"బిళ్ళలెవరిస్తున్నారు?"

"మా ఆవిడేనండి. చేత్తో వేసి, మింగేదాకా చూస్తది."

ప్రసూనకి ఫోన్ కలిపారు. బిళ్ళలన్నీ ఎప్పుడూ వేసేవే, ఎప్పుడూ వేసినన్నే. ఒక్కటి పెరగలేదు, ఒక్కటి తగ్గలేదు. డాక్టరమ్మ పెన్ను కొనతో బల్ల మీద తట్టింది.

"పోయిన నెల బాగున్నాడు. ఈ నెల్లో కొత్తగా ఏం మారింది?"

"ఏం మార్లేదండి. మాల వేశాడు, అంతే."

"మాల వేస్తే ఏమేం మానేస్తారు?"

"నీసు మానేస్తారండి. తాగేవాళ్ళు తాగుడు మానేస్తారు. వీడికి ఆ అలవాటు లేదు. బీడీలు మానేశాడు. దానికి మాత్రం అందరూ మెచ్చుకున్నారండి."

పెన్ను ఆగిపోయింది.

"రోజుకెన్ని తాగేవాడు?"

"రెండు కట్టలు."

"అన్నీ ఒక్కసారే మానేశాడా?"

"మాల పడ్డ పొద్దున్నే. మళ్ళీ ముట్టలేదండి."

డాక్టరమ్మ కుర్చీ వెనక్కి జరిపి కొంచెంసేపు కిషోర్‌బాబు వంకే చూసింది. తర్వాత తిరుపతిరావుని కూర్చోమంది.

"మీది మిల్లు గదా. చెప్తా వినండి. మెదడులో ఒకచోటి నుంచి ఇంకోచోటికి కబురు మోసే సరుకులు కొన్ని ఉంటాయి. డోపమైన్ అనేది వాటిలో ఒకటి. ఈ జబ్బులో కొన్నిచోట్ల దాని జోరెక్కువై, లేని మాటలు వినపడతాయి, లేని అర్థాలు తోస్తాయి. మనమిచ్చే బిళ్ళ ఆ కబురు దిగే గుమ్మాల్లో కొన్నిటిని మూస్తుంది, ఇంకా కొన్ని రసాయనాల్ని కూడా సర్దుతుంది. మూయాల్సినన్నే మూయాలి. అన్నీ మూసేస్తే మనిషి ఇదిగో, ఇలా అయిపోతాడు."

"మరి బిళ్ళలు పెంచలేదు గదండీ."

"బీడీ పొగ లివరుని రెచ్చగొడుతుంది. లివరు ఈ బిళ్ళని గబగబా అరగదీసేస్తుంది. ఇన్నేళ్ళూ మీ తమ్ముడికి సగం బిళ్ళ బీడీకే పోయింది. అది లెక్కలో వేసుకునే నేను ఎక్కువ డోసు ఇస్తున్నా. పొగ ఆగిపోయింది. అరగదీసే జోరు తగ్గింది. బిళ్ళలు అవే, రక్తంలో మాత్రం మందు పేరుకుంటూ పోయింది. తూలడం, చొంగ, లేస్తే కళ్ళు తిరగడం, అన్నీ దానివే అని నా అనుమానం. మెదడు విప్పి చూడలేం గదా, అందుకని దాని గుర్తులు రక్తంలో వెతుక్కుంటాం. హైదరాబాద్ పంపిస్తా. అంకె వస్తే ఖాయంగా తెలుస్తుంది. ఈలోగా డోసు తగ్గించి ఇక్కడే ఉంచుదాం. ఇంకా పేరుకుని ఉంటే ఫిట్స్ వచ్చేవి."

తిరుపతిరావుకి మెల్లిగా అర్థమైంది. "అంటే... అమ్మవారి కోసం బీడీ మానేసినందుకా ఇదంతా?"

"మానడం మంచిదే. నాకు చెప్పి మానితే ఇంకా మంచిది. అందులో నా తప్పూ ఉంది. మాల వేశాక ఒకసారి వచ్చారు గదా. ఎర్రబట్టలు చూశాను, జై భవానీ అన్నాను, ఏం మానేశారని అడగలేదు." ఆమె చీటీ మీదికి వంగింది. "ఇంకో మాట. తూలుతున్నాడని మీకై మీరు బిళ్ళలు మొత్తం ఆపలేదు. అది గొప్ప మేలు. చాలామంది ఆపేసి, గొడవంతా మళ్ళీ మొదలయ్యాక తీసుకొస్తారు. వేరే బిళ్ళలైతే రక్తంలో ప్రొలాక్టిన్ అనే హార్మోను ఇంకో గుర్తు. అది పెరిగితే ఆడపిల్లలకి నెలసరి ఆగిపోతుంది, ఒక్కోసారి పాలు కూడా వస్తాయి. బిళ్ళ మారిస్తే సర్దుకుంటుంది. ఆ సంగతి చెప్పేవాళ్ళు లేక, పెళ్ళి కావాల్సిన పిల్లలకి భయపడి మానిపించేస్తారు."

ఆపకుండా ఉన్నది తను కాదని, ప్రసూన అని తిరుపతిరావుకి తెలుసు. బయటికొచ్చి ఆమెకి ఫోన్ చేశాడు. "నువ్వు చెప్పిందే నిజం. ఇక్కడే ఉంచుతారంట" అన్నాడు. అవతల ఆమె ముక్కు చీదుకోవడం వినపడింది. "సరే. దుప్పటి, ఫ్లాస్కు తీసుకుని బస్సెక్కుతున్నా" అంది.

సాయంత్రం నందిగామలో భవానీలు బస చేసిన కల్యాణమండపానికి తిరుపతిరావు ఒక్కడే వెళ్ళాడు. బంకు దగ్గర నోటికి రాని మాట అక్కడ వచ్చింది. పదిమంది మధ్యలో నిలబడి, డాక్టరమ్మ చెప్పిందంతా గబగబా, అడ్డదిడ్డంగా చెప్పేశాడు. బీడీ, లివరు, రక్తం. వింటున్నవాళ్ళలో సగంమందికి సగమే అర్థమైంది.

"మీలో తాగుడు మానినోళ్ళున్నారు. మాల తీసిన మర్నాడే గ్లాసు పట్టుకుంటారని మీకూ తెలుసు, నాకూ తెలుసు," అన్నాడు. "వాడు నిజంగా మానేశాడండీ. నిజంగా మానాడు గనకే పడిపోయాడు. మీరు మాల తీసింది మీలో అందరికంటే నియమంగా ఉన్నోడి మెళ్ళోంచి."

"ఏదేమైనా తీసిన మాల మళ్ళీ వేసేది లేదండి," అన్నాడు నవీన్‌బాబు నేలచూపులు చూస్తూ.

"ఎవరడిగారు నిన్ను వెయ్యమని?"

హరిచరణ్ గోడకి ఆనుకుని, నడిచి పగిలిన పాదాలు చాపుకుని కూర్చున్నాడు. తిరుపతిరావు ఆయన మాట కోసం కాసేపు నిలబడి చూసి, వచ్చేశాడు. ఆయన మీద ఇన్నాళ్ళూ దాచుకున్న కృతజ్ఞత దారిలోనే ఒలికిపోయింది.

తెల్లవారి కిషోర్‌బాబు కళ్ళు కొంచెం తేటపడ్డాయి. ప్రసూన ఫ్లాస్కులో తెచ్చిన కాఫీ ఊదుకుంటూ తాగుతున్నాడు. గుమ్మంలో ఎర్రబట్టలు కనపడ్డాయి. హరిచరణ్ ఒక్కడే వచ్చాడు. తిరుపతిరావు స్టూలు మీంచి లేవలేదు.

హరిచరణ్ మంచం పక్కకి వచ్చి సంచిలోంచి రుమాలు తీశాడు. విప్పితే మాల.

"తీసిన మాల మళ్ళీ వెయ్యకూడదంటారు. అది తప్పు చేసినవాడికి. తప్పు తీసినవాడిదైతే ఏం చెయ్యాలో నాకెవరూ చెప్పలేదు," అన్నాడు. "మీరేం చెయ్యమంటే అది చేస్తా."

కిషోర్‌బాబు మాలని చూశాడు. చెయ్యి చాపాడు, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

"ఇంకా లేవకూడదంటండి. మీరే కొండకి తీసుకెళ్ళి అమ్మకిచ్చెయ్యండి. కిషోర్‌బాబు ఇచ్చాడని పేరు చెప్పండి."

"చెప్తా."

"ఇంటిపేరు కూడా చెప్పండి. కిషోర్‌బాబులు శానామంది ఉంటారు."

ప్రసూన నవ్వాపుకోలేక అటు తిరిగింది. హరిచరణ్ నవ్వలేదు. మాల కళ్ళకద్దుకుని రుమాల్లో చుట్టాడు. వెళ్ళిపోతాడనుకుంటే గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. వెనక్కి తిరక్కుండానే, "తిరుపతిరావు గారూ, ఒకసారి ఇటు రండి," అన్నాడు.

హరిచరణ్ వరండాలో కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. కింద ఆగిన ఆటోల్ని చూశాడు.

"ఆ డాక్టరమ్మ మళ్ళీ ఎప్పుడొస్తారు?"

"గురువారం గురువారం వస్తారు. ఎందుకండీ?"

"మా ఉషశ్రీ హైదరాబాద్‌లో చదువుకుంటుందని ఊళ్ళో చెప్తున్నా గదా." ఆయన గొంతు అంత పల్చగా ఉండడం తిరుపతిరావు ఎప్పుడూ వినలేదు. "హైదరాబాద్‌లో లేదు. మేడమీద గదిలో ఉంది. రెండేళ్ళయింది. ఎవరో పిలుస్తున్నారంటుంది, అన్నంలో ఏదో కలిపామంటుంది. మొదట్లో ఒక బిళ్ళ వాడాం. మాటలు తగ్గాయి. కానీ నెలసరి ఆగిపోయింది, పాలు... పెళ్ళికాని పిల్లండీ. వాళ్ళమ్మ గుండెలు బాదుకుంది. నేనే మానిపించేశా. అమ్మే చూసుకుంటుందని ఏటా మాల వేస్తున్నా."

తిరుపతిరావు నోట్లో ఒక మాట సిద్ధంగా ఉంది. నిన్నటినుంచీ పదును పెట్టుకుంటున్నదానికి ఇప్పుడు ఇంకో అంచు దొరికింది. మీ ఇంట్లోనే ఇదంతా ఉంచుకుని నా తమ్ముణ్ణా నడిరోడ్డు మీద అలా చేసింది, అనేది. ఎదురుగా ఉన్న మనిషి ఊచల్ని పట్టుకున్న వేళ్ళు తెల్లబడి ఉన్నాయి. పిచ్చివాడికి మాలేమిటని ఊరంతా అంటే, అమ్మ పిలిచాక ఆపడానికి నేనెవర్నని ఈయన ఎందుకన్నాడో తిరుపతిరావుకి అప్పుడు తెలిసింది. ఒలికిపోయిందనుకున్న కృతజ్ఞత మళ్ళీ ఊరి ఆ మాటకి అడ్డం పడింది.

"దానికీ రక్తంలో గుర్తుంటదంటండి," అన్నాడు. "నిన్నే చెప్పింది డాక్టరమ్మ. బిళ్ళ మారిస్తే సర్దుకుంటదంట. అదేం తప్పుపని కాదండి. బిళ్ళ చేసే పనేనంట."

హరిచరణ్ ఇటు తిరిగాడు. "అలా చెప్పారా?"

"నా చెవులతో విన్నా."

ఆయన మెట్ల మీదే కూలబడి, కండువాలో ముఖం పెట్టుకున్నాడు. తిరుపతిరావు పక్కన కూర్చున్నాడు. కింద భవానీలు ఆయన కోసం చూస్తున్నారు. చూడనీ అనుకున్నాడు.

రెండ్రోజులకి కిషోర్‌బాబుని ఇంటికి పంపుతూ ఫోన్‌లో డాక్టరమ్మ అతనితోనే మాట్లాడింది. అంకె వచ్చింది, ఉండాల్సిన దానికి రెట్టింపు దాటింది. కొత్త డోసు చెప్పి, "బీడీ మళ్ళీ మొదలెడతారా?" అని అడిగింది. అన్నయ్యని కాకుండా తనని అడిగినందుకు కిషోర్‌బాబు ఫోన్ మరో చెవికి మార్చుకుని సర్దుక్కూర్చున్నాడు.

"చెప్పలేనండి. ఇయ్యాల్టికైతే తాగను."

"అది చాలు. తాగాలనిపిస్తే ముందు నాకు చెప్పండి. బిళ్ళ మళ్ళీ సరిచెయ్యాలి."

గురువారం వచ్చింది. కిషోర్‌బాబుని చూపించడానికి రూబెన్ ఆటోలో నందిగామ వెళ్ళారు. ఆస్పత్రి ముందు హరిచరణ్ కారు ఆగి ఉంది. దీక్ష విరమించి వచ్చాడు, తెల్లచొక్కాలో మనిషి చిన్నగా అయిపోయినట్టున్నాడు. వెనకసీటులో ఉషశ్రీ. ఒళ్ళంతా దుప్పటి కప్పుకుని తలుపు పిడి గట్టిగా పట్టుకుని ఉంది. తండ్రి బతిమాలుతున్నాడు, తల్లి ఏడుస్తోంది. దారినపోయేవాళ్ళు నిదానించి చూస్తున్నారు.

"మీరిటు రండి," అన్నాడు కిషోర్‌బాబు ఆ ఇద్దరితో. అంత గట్టిగా ఎవరితోనూ మాట్లాడి ఎరగడు. వాళ్ళు పక్కకి జరిగారు. తిరుపతిరావు ఆపబోయి, ఆగిపోయాడు.

కిషోర్‌బాబు కారు పక్కనే నేలమీద గొంతుక్కూర్చున్నాడు. అద్దం కొంచెం దించి ఉంది.

"ఏమ్మా, ఇప్పుడు కూడా పిలుస్తన్నారా?"

ఉషశ్రీ తలుపు పిడి ఇంకా గట్టిగా పట్టుకుంది.

"నన్ను తిట్టేవాళ్ళు. గోడలోంచి. పేరు పెట్టి మరీ."

దుప్పటి కదిలింది. "నిజంగానా?"

"మరి. నేనూ తిట్టేవాణ్ణి. ఎవరూ నమ్మేవాళ్ళు కాదు."

"ఈ డాక్టరమ్మ నమ్ముతుందా?"

"నమ్ముద్ది. అబద్ధం అనదు. వినపడుతున్నాయా, ఎంతసేపు, ఏమంటున్నారు అని అడుగుద్ది. రక్తం తీసేటప్పుడు చీమ కుట్టినట్టుంటది, అంతే."

చాలాసేపటికి తలుపు కొంచెం తెరుచుకుంది. సన్నటి, తెల్లటి పాదం ఒకటి బయటికొచ్చి, ఎండకి కాలిన సిమెంటు తగలగానే చటుక్కున లోపలికెళ్ళిపోయింది. గదిలోంచి తీసుకొచ్చే కంగారులో ఆ పిల్లకి చెప్పులు తొడగడం ఎవరికీ గుర్తులేదు.

కిషోర్‌బాబు తన చెప్పులు విడిచి, దుమ్ము దులిపి, తలుపు కింద జతగా పెట్టాడు. పెట్టి, పక్కకి తిరిగి, ఆస్పత్రి మెట్లవైపు చూస్తూ కూర్చున్నాడు, తొందరేమీ లేనట్టు. ఎండలో ఒట్టికాళ్ళతో కూర్చున్న తమ్ముణ్ణి చూస్తూ తిరుపతిరావు రెండు చేతులూ జోడించాడు. అమ్మవారికో, డాక్టరమ్మకో, ప్రసూనకో, వాడికో అతనికే తెలియలేదు.

వాడి వెనక కారు తలుపు పూర్తిగా తెరుచుకుంది.